గూగులమ్మకు మొక్కులు ఇక చాలు

అమీర్‌పేటలో డిజిటల్ మార్కెటింగ్ నేర్పే క్లాసుల్లోనూ, ‘ఇంట్లో కూర్చుని నెలకు యాభై వేలు’ అని ఊరించే యూట్యూబ్ వీడియోల్లోనూ ఒకటే పాఠం నడుస్తోంది. నెట్‌లో రాసింది జనం కంటపడాలంటే ముందు గూగుల్‌కి నచ్చాలి. అందుకు వ్యాసం కనీసం పదిహేను వందల పదాలుండాలి. ఎంచుకున్న కీవర్డు శీర్షికలో ఒకసారి, మొదటి పేరాలో ఒకసారి, ఉపశీర్షికల్లో రెండుసార్లు, చివర్లో ఇంకోసారి పడాలి. కింద ‘తరచుగా అడిగే ప్రశ్నలు’ తగిలించాలి. రోజుకో పోస్టు వెయ్యాలి. చదివేవాణ్ణి కట్టిపడెయ్యాలంటే అసలు సంగతి ముందే చెప్పెయ్యకూడదు. చివర్లో ‘మీ అభిప్రాయం కామెంట్ చేయండి’ అని మర్చిపోకుండా అడగాలి. విన్నవాళ్ళు విన్నది విన్నట్టే చేస్తున్నారు. అందుకే తెలుగులో ఏది వెతికినా ఒకే అచ్చులో పోసిన పేజీలు వరసగా వచ్చి నిలబడుతున్నాయి.

ఈ పాఠం తప్పు. ఇందులో ఒకటి రెండు చిట్కాలు పాతబడ్డాయని నేననడం లేదు. పునాదే తప్పంటున్నాను. తెలుగులో రాసేవాడి కష్టం గూగుల్‌కి తన పేజీ నచ్చకపోవడం కాదు. వెతికేవాడికి కావలసిన జవాబు ఆ పేజీలో లేకపోవడం. జవాబున్న చోట అలంకారాలు తగ్గినా పెద్ద నష్టం లేదు. జవాబు లేని పేజీకి ఎన్ని అలంకారాలు చేసినా ఆ మెరుపు మూణ్ణాళ్ళ ముచ్చటే.

ఒక పేజీని దగ్గరగా చూద్దాం. ఏప్రిల్ చివర్లో, మే మొదట్లో తెలుగు ఇళ్ళలో ఏం వెతుకుతారో తెలుసుకోవడానికి కీవర్డు పనిముట్లేవీ అక్కర్లేదు, ఆవకాయ గురించి వెతుకుతారు. పాఠం ప్రకారం రాసిన పేజీ తెరవండి. మొదటి ఉపశీర్షిక ‘ఆవకాయ అంటే ఏమిటి?’ తెలుగులో వెతికిన మనిషికి తెలుగులో ఆవకాయ అంటే ఏమిటో చెప్పడం మొదలుపెడతారు. తర్వాత ‘ఆంధ్రుల సంస్కృతిలో ఆవకాయ ప్రాముఖ్యత’. ఆ తర్వాత ‘ఆవకాయ వల్ల ఆరోగ్య ప్రయోజనాలు’, అందులో విటమిన్ సి, జీర్ణశక్తి, రోగనిరోధక శక్తి. నూనె, ఉప్పు, కారం నిండిన జాడీకి ఆరోగ్య ప్రయోజనాలు వెతికిన సాహసం మెచ్చుకోవలసిందే. ఇంత దూరం తెర జరిపాక కావలసిన పదార్థాలు కనిపిస్తాయి. ‘మామిడికాయలు తగినన్ని, ఉప్పు తగినంత, నూనె సరిపడా.’ తగినంత అంటే ఎంతో తెలియకనే కదా అతను వెతికింది! చివర్న తరచుగా అడిగే ప్రశ్నల్లో మొదటిది, ‘ఆవకాయ ఎలా తయారు చేస్తారు?’ జవాబు, పై విధంగా.

ఆవకాయ పెట్టేవాళ్ళకు నిజంగా వచ్చే సందేహాలు వేరు. మూడో రోజు తిరగకలిపితే నూనె పైకి తేలలేదు, ఇప్పుడు పోస్తే పచ్చి నూనె పొయ్యాలా, కాచి చల్లార్చి పొయ్యాలా? జాడీ అంచున తెల్లగా బూజు కనిపిస్తోంది, పై వరస తీసేస్తే సరిపోతుందా, మొత్తం పారబొయ్యాలా? ఉప్పు చాల్లేదని వారం తర్వాత తెలిసింది, ఏం చెయ్యాలి? చిన్నరసం కాయ దొరకలేదు, కొత్తపల్లి కొబ్బరి కాయతో పెడితే ముక్క మెత్తబడుతుందా? డాలస్‌లో ఉండే అమ్మాయికి ఇంకో చిక్కు. ఇండియన్ స్టోర్లో పచ్చి కాయ దొరికింది, టెంకతో సహా ముక్క కొట్టే కత్తి మాత్రం లేదు. టెంక లేని ముక్క ఏడాది నిలుస్తుందా? ఏటా పది కుటుంబాలకు ఆవకాయ కలిపి పెట్టే పెద్దావిడ వీటన్నిటికీ నిలబడ్డచోటే జవాబు చెబుతుంది. ముక్కలు తడిగుడ్డతో కాదు పొడిగుడ్డతో తుడవమని, ఉప్పు ఎండబెట్టి దంచమని, నూనె ముక్క మీదికి వచ్చేదాకా పొయ్యమని చెబుతుంది. ఆమె మాటల్ని నాలుగు వందల పదాల్లో రాసిన పేజీ ఒక్కటి ఉంటే, పదిహేను వందల పదాల పేజీలు దాని ముందు నిలవవు. అలాంటిది రాయమని మాత్రం ఏ క్లాసులోనూ చెప్పరు.

ఎందుకు చెప్పరంటే, పొడుగు రాతతో లాభం వేరేవాళ్ళకి కాబట్టి. 2018లో గూగుల్ తన ప్రకటనల వ్యవస్థ యాడ్‌సెన్స్‌ని తెలుగు పేజీలకు తెరిచింది. మంచిదే, అప్పటిదాకా తెలుగులో రాసి నాలుగు రూపాయలు కళ్ళజూడటం కష్టంగా ఉండేది. అయితే దాంతోపాటే ఒక లెక్క మొదలైంది. పేజీ ఎంత పొడుగైతే మధ్యలో అన్ని ప్రకటనలు పెట్టొచ్చు. పాఠకుడు ఎంతసేపు జరిపితే అన్ని కంటపడతాయి. ఉపోద్ఘాతం గూగుల్ ర్యాంకు కోసమని రాసేవాడు నమ్ముతున్నాడు. నిజానికి అది మూడో ప్రకటనకీ నాలుగో ప్రకటనకీ మధ్య పరిచిన ఊక. చదివేవాడి సమయాన్ని అమ్ముకుంటూ, దానికి ‘పాఠకులతో అనుబంధం’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. ఈ పాఠం చెప్పేవాళ్ళలో చాలామందికి ఆదాయం రాసినదాని మీద కాదు, రాయడం నేర్పే కోర్సు ఫీజు మీద వస్తుంది. వాళ్ళు చెప్పినట్టు రాసి ఓడిపోయినవాడు ‘అడ్వాన్స్‌డ్’ కోర్సులో మళ్ళీ చేరతాడు.

ఇంగ్లిషులో ఈ ఆట ఎప్పుడో ఆడి ఓడిపోయారు. జనం గూగుల్‌లో ఏం వెతుకుతున్నారో, ఏ మాటకు ప్రకటనల ధర ఎంత పలుకుతోందో కంప్యూటరుతో లెక్కగట్టి, ఆ లెక్క చెప్పిన శీర్షికలకు చేతిలో ఉన్న రాతగాళ్ళ చేత వ్యాసాలు రాయించిన కంపెనీ ఒకటుండేది, డిమాండ్ మీడియా. దాని ఈహౌ సైటులో బల్బు మార్చడం దగ్గర్నించి మామిడికాయ కోయడం దాకా దొరకని విషయం లేదు. వ్యాసానికి రాతగాడికి ముట్టేది పదిహేను డాలర్ల ప్రాంతంలో. 2011 జనవరిలో ఆ కంపెనీ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో అడుగుపెట్టినప్పుడు దాని మార్కెట్ విలువ న్యూయార్క్ టైమ్స్ కంపెనీని మించిపోయింది. ఇప్పుడు మన క్లాసుల్లో చెబుతున్న పాఠానికి అంతకన్నా గొప్ప విజయం ఎక్కడా లేదు. నెల తిరిగేసరికి, ఫిబ్రవరిలో, గూగుల్ తన లెక్క మార్చింది. పాండా అని పేరుపడ్డ ఆ మార్పు అమెరికాలో జరిగే వెతుకులాటల్లో దాదాపు 12 శాతం ఫలితాల్ని తారుమారు చేసింది. మొదటి దెబ్బ తప్పించుకున్న ఈహౌ ఏప్రిల్ విడతలో దొరికిపోయింది. తర్వాత కంపెనీ షేరు కూలింది, పేరు కూడా 2016లో మార్చుకుంది. 2012 ఏప్రిల్లో పెంగ్విన్ వచ్చి, డబ్బిచ్చి లింకులు వేయించుకునేవాళ్ళ పని పట్టింది. 2022 ఆగస్టులో ‘సహాయకరమైన సమాచారం’ పేరుతో ఇంకో వల వేశారు. 2024 మార్చిలో దాన్ని అసలు లెక్కలోనే కలిపేసి, యంత్రంతోనో మనుషులతోనో టోకున రాశిపోసే రాతల మీద ప్రత్యేకంగా నిషేధం పెట్టారు. పదిహేనేళ్ళుగా ఆ కంపెనీ ఇంజనీర్లు వేటాడుతున్నది సరిగ్గా ఈ పాఠం ప్రకారం రాసిన పేజీల్నే. వేటగాడికి నచ్చడం కోసం వేటకు దొరికే వేషమే వేసుకోమంటున్నారు మన గురువులు.

పోనీ గూగుల్ దాచిపెడుతోందా అంటే అదీ లేదు. పేజీ వెనకాల కీవర్డులు జాబితాగా రాసే మెటా ట్యాగును ర్యాంకుకు వాడటం లేదని 2009 సెప్టెంబరులోనే బాహాటంగా చెప్పింది. రాసేవాళ్ళ కోసం తనే పెట్టిన ప్రారంభ మార్గదర్శిలో, పట్టించుకోనక్కర్లేని విషయాలంటూ ఒక చిట్టా ఇచ్చింది. వ్యాసం ఇన్ని పదాలుండాలన్న నియమం, వెబ్ చిరునామాలో కీవర్డు ఉండటం, ఉపశీర్షికల సంఖ్య, వాటి వరస, అన్నీ ఆ చిట్టాలో ఉన్నాయి. ఎవరైనా చదువుకోవచ్చు, ఉచితం. అయినా తెలుగు వీడియోల్లో ఆ కీవర్డు ట్యాగు నింపడం ఎలాగో తెర మీద చూపించి మరీ నేర్పుతున్నారు.

తెలుగు విషయంలో ఈ పాఠం ఇంకా హాస్యాస్పదంగా ఉంటుంది. ఇంగ్లిషులో ఒక పదబంధం వాక్యంలో ఎక్కడ పడ్డా పెద్దగా మారదు. తెలుగులో మాట తరచు విభక్తినో ఇంకో మాటనో తగిలించుకుంటుంది. వరి, వరికి, వరిలో, వరిపైరు, వరిపొలానికి. కీవర్డు చెక్కుచెదరకుండా పదిసార్లు రావాలంటే వాక్యాన్ని విరిచెయ్యాలి. అలా విరిచిన వాక్యాలే ఇప్పుడు నెట్ నిండా ఉన్నాయి. ‘మీరు వరి తెగులు నివారణ కోసం చూస్తున్నట్లయితే ఈ వరి తెగులు నివారణ వ్యాసంలో వరి తెగులు నివారణ గురించి తెలుసుకుందాం.’ పొలంలో ఆకుల మీద మచ్చలు చూసి, అగ్గితెగులా ఇంకేదైనానా అని కంగారుపడుతున్న రైతు ఈ వాక్యం చదివి ఏం చేసుకోవాలి? వాక్యం అర్థాన్ని పట్టుకునే బెర్ట్ అనే పద్ధతిని గూగుల్ 2019 డిసెంబరులో 70కి పైగా భాషలకు విస్తరించినప్పుడు ఆ జాబితాలో తెలుగూ ఉంది. మరుసటేడు డిసెంబరులో, ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు టైపు చేసి వెతికినా తెలుగు లిపిలో ఉన్న పేజీలు చూపిస్తామని ప్రకటించిన ఐదు భారతీయ భాషల్లోనూ ఉంది. అంటే ‘గోంగూర పచ్చడి ఎలా చెయ్యాలి’ అని ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టినవాడి కోసం పేజీ అడుగున అవే మాటల్ని పన్నెండు రకాల స్పెల్లింగులతో పరచనక్కర్లేదు. ఇంగ్లిషువాడు పదేళ్ళ కింద చేసి వదిలేసిన పనిని, ఆ భాష నడకకే సరిపడ్డ పనిని, మనం ఇప్పుడు తెలుగులో చేస్తున్నాం. పులిని చూసి నక్క వాత పెట్టుకోవడం విన్నాం, వాత మానిపోయిన పులిని చూసి పెట్టుకోవడం ఇదే మొదలు.

అయితే అసలు ఏ జాగ్రత్తా అక్కర్లేదు, బాగా రాస్తే జనమే వస్తారు అని నేననడం లేదు. అది రెండో రకం భ్రమ. సాహిత్యంవాళ్ళలో ఎక్కువ. కొన్ని పనులు చెయ్యకపోతే ఎంత గొప్ప రాతైనా గూగుల్‌కే కాదు, ఎవరికీ దొరకదు. వాటిలో మొదటిది అక్షరాలు అక్షరాలుగా ఉండటం. అను ఫాంట్లలో డీటీపీ చేసిన పుస్తకాన్ని పీడీఎఫ్ చేసి పెడితే, కంటికి తెలుగే కనిపిస్తుంది. అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి చూడండి, చుక్కలు గీతలు కలిసిన పిచ్చిగీతలు వస్తాయి. యంత్రానికి ఆ పుస్తకం మొత్తం ఆ పిచ్చిగీతలే. మన చిన్న పత్రికల ముప్పై నలభై ఏళ్ళ సంచికలు, జిల్లా రచయితల సంఘాల సంకలనాలు, ఊళ్ళ చరిత్రలు ఇలాగే పీడీఎఫ్‌లలో సమాధై ఉన్నాయి. ఇంకొందరు కవితను రంగుల బొమ్మ మీద అచ్చేసి పెడతారు. వాట్సాప్‌లో ముచ్చటగా తిరుగుతుంది, రేపు వెతికితే మాత్రం దొరకదు. శీర్షిక ‘ఒక అనుభవం’ అని పెట్టి లోపల నిజామాబాద్ పసుపు మార్కెట్ గురించి అద్భుతంగా రాసినవాళ్ళున్నారు. పసుపు ధర గురించి వెతికినవాడికి ఆ పేజీలో పసుపు ఉందని ఎలా తెలుస్తుంది? యూనికోడ్‌లో టైపు చెయ్యడం, విషయం తెలిసేలా శీర్షిక పెట్టడం, ఫోన్లో పేజీ చప్పున తెరుచుకునేలా బొమ్మల బరువు తగ్గించడం, బొమ్మ కింద అదేమిటో ఒక వాక్యం రాయడం. ఒకసారి సరిచేస్తే సరిపోయే పనులివి. క్లాసుల్లో వీటికి ఒక పూట కూడా కేటాయించరు, వీటిని సాగదీసి మూడు నెలల కోర్సు చెయ్యడం కుదరదు కాబట్టి.

ఇంకోటుంది. మనవాళ్ళు ఎంతమాత్రం చెయ్యనిది. లింకు ఇవ్వడం. 1998లో స్టాన్‌ఫర్డ్‌లో సెర్గీ బ్రిన్, లారీ పేజ్ రాసిన గూగుల్ పద్ధతికి ఆధారం అదే. ఒక పేజీ ఇంకో పేజీకి లింకు ఇచ్చిందంటే దాన్ని నమ్మొచ్చని చెప్పినట్టు. తెలుగు నెట్‌లో ఒకరి రాత నచ్చితే లింకు ఇవ్వరు, మొత్తం ఎత్తి తమ పేజీలో పెట్టుకుంటారు. మర్యాదస్థులైతే ‘సేకరణ’ అని రాస్తారు. పత్రికల సైట్లయితే ‘ఓ వెబ్‌సైట్ కథనం ప్రకారం’ అని పేరు కూడా మింగేస్తాయి. ఇలా ఒక రాతకు ఇరవై నకళ్ళు తయారై, ఏది అసలో గూగుల్ తేల్చుకోలేక తికమకపడుతుంటే, అసలు రాసినవాడు మాత్రం తన కీవర్డు సాంద్రత తగ్గిందేమో అని బెంగపెట్టుకుంటాడు. కూడలి, జల్లెడ, హారం లాంటి బ్లాగుల సంకలినులు నడిచిన రోజుల్లో తెలుగులో రాసేవాళ్ళు ఒకరికొకరు లింకులిచ్చుకునేవాళ్ళు. ఆ రోజుల్లో పోట్లాటలకు, పేర్లు దాచుకుని తిట్టుకోడాలకు కూడా లోటు లేదు, కాబట్టి స్వర్ణయుగమని నేననను. కానీ లేఖిని అనే టైపింగు పనిముట్టుతో రాసిన ఆ పేజీలు కొన్ని ఇప్పటికీ వెతుకులాటలో పైన తేలుతున్నాయి. వాటి వెనక ఏ చిట్కా లేదు, పదిమంది లింకులున్నాయి.

ఇక ఎదుటివాళ్ళ బలమైన వాదన. అది దాటవేస్తే ఈ వ్యాసానికి అర్థం లేదు. ‘నిజాయితీగా, అనుభవంతో రాసిన చిన్న సైట్లు కూడా 2023 సెప్టెంబరు మార్పులో దెబ్బతిన్నాయి కదా. ఎయిర్ ప్యూరిఫయర్లు సొంతంగా కొని పరీక్షించి రాసినవాళ్ళని కిందికి తోసి, పరీక్షించకుండా రాసిన పెద్ద పత్రికల పేజీల్ని పైన పెట్టారు కదా. గూగుల్ మాట నమ్మమంటారా?’ నమ్మమనను. ఆ అన్యాయం జరిగింది. అంతేకాదు, జనం ఏది క్లిక్ చేస్తున్నారన్నది ర్యాంకుకు పెద్దగా లెక్కలోకి రాదన్నట్టు ఏళ్ళ తరబడి మాట్లాడిన కంపెనీ, అమెరికా ప్రభుత్వం వేసిన గుత్తాధిపత్యం కేసులో 2023 అక్టోబరులో వేరే కథ చెప్పుకోవలసి వచ్చింది. వెతుకులాట విభాగం ఉపాధ్యక్షుడు పాండు నాయక్ సాక్ష్యంలో, నావ్‌బూస్ట్ అనే వ్యవస్థ 13 నెలల క్లిక్కుల్ని వాడుకుంటుందని బయటపడింది. కాబట్టి ఆ కంపెనీ ధర్మదేవత కాదు. అయితే ఈ రెండు నిజాల్నించి వచ్చే నిర్ణయం ఏమిటి? క్లిక్కులు లెక్కలోకి వస్తున్నాయంటే, ఊరించే శీర్షిక చూసి లోపలికొచ్చి, ఊక చూసి మూడు సెకన్లలో వెనక్కి పోయి ఇంకో పేజీ తెరిచినవాడు నీకు వ్యతిరేకంగా ఓటేసి పోయినట్టే అని నేననుకుంటాను. నిజాయితీగా రాసినవాళ్ళూ ఒక్క రాత్రిలో మాయమవగలరంటే, ఆ ఒక్క తలుపు మీదే ఆధారపడి బతకకూడదన్నమాట. 2024 మేలో అమెరికాలో, ఆగస్టులో మన దేశంలో గూగుల్ తన పేజీ మీదే యంత్రం రాసిన జవాబు చూపించడం మొదలుపెట్టాక ఆ తలుపు ఇంకా ఇరుకైంది. ‘ఆవకాయ అంటే ఏమిటి’కి జవాబు యంత్రం ఇచ్చేస్తుంది, ఆ పేజీకి ఇక ఎవరూ రానక్కర్లేదు. ఊక రాసినవాడికే ముందు దెబ్బ.

పాఠకుల్ని కట్టిపడెయ్యడం గురించి ఇప్పుడు చెప్పేదంతా కొత్త విద్య అన్నట్టు మాట్లాడతారు. మాలతీ చందూర్ 1950ల నుంచి దశాబ్దాల తరబడి ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ నడిపారు. మద్రాసులో కూర్చుని, ఎక్కడెక్కడి ఊళ్ళనుంచో వచ్చిన ఉత్తరాలకు జవాబులు రాసేవారు. వంట, అత్తగారితో గొడవ, పిల్లల చదువు, పాశ్చాత్య నవల, ఏదైనా. ఆవిడ వంటల పుస్తకం ఎన్ని ముద్రణలు చూసిందో తెలుగువాళ్ళకు చెప్పనక్కర్లేదు. స్వాతి వారపత్రికలో డాక్టర్ సమరం జవాబులు చదవడానికి పత్రికను వెనక పేజీలనుంచి తెరిచినవాళ్ళున్నారు, ఇంట్లో పెద్దవాళ్ళు చూడకుండా. ఈ ఇద్దరికీ కీవర్డు పరిశోధన చేసి పెట్టిందెవరు? తపాలా పెట్టె. ఏ ప్రశ్న ఎక్కువగా వస్తోందో, ఏ ప్రశ్న అడగడానికి జనం సిగ్గుపడుతున్నారో, ఏ మాటల్లో అడుగుతున్నారో అందులోనే తెలిసేది. వాళ్ళు పాఠకుల్ని అభిప్రాయం చెప్పమని బతిమాలలేదు. పోయిన వారం రాసినవాడికి ఈ వారం జవాబిచ్చారు. అది చూసి ఇంకో పదిమంది రాశారు. పాఠకుడితో సంబంధం అంటే ఇంతకు మించి కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

ఇప్పుడు చాలా తెలుగు పేజీల కింద పరిస్థితి చూడండి. ఒకాయన ‘సార్, మా అమ్మకు ఈ పింఛను వస్తుందా, వయసు 58’ అని అడిగి ఉంటాడు. జవాబుండదు. దాని కింద ‘నైస్ ఇన్ఫర్మేషన్’ అని ఇద్దరు. ఆ కింద అప్పులిస్తామన్న ఫోన్ నంబరు. ఆ 58 ఏళ్ళ ప్రశ్న తర్వాతి వ్యాసానికి సిద్ధంగా ఉన్న శీర్షిక. అది వదిలేసి రాసేవాడు కీవర్డు పనిముట్టుకు నెలవారీ చందా కడుతున్నాడు. పైగా ఆ పనిముట్లలో తెలుగు మాటలకు చాలాసార్లు ‘సమాచారం లేదు’ అనో సున్నా అనో చూపిస్తుంది. సున్నా చూసి ఆ ప్రశ్న ఎవరూ అడగడం లేదని తేల్చుకుంటాడు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 8.11 కోట్ల మంది. వాళ్ళ సందేహాలు ఆ పనిముట్టు లెక్కకు అందకపోతే, అవి లేనట్టా?

రోజుకో పోస్టు సంగతి రెండు మాటల్లో తేలిపోతుంది. ఏ మనిషికీ రోజూ కొత్తగా చెప్పడానికి అంత ఉండదు. రోజూ వెయ్యాలన్న నియమం పెట్టుకున్నవాడు వారం రోజుల్లో రాశిఫలాలకో, సినిమావాళ్ళ పెళ్ళిళ్ళకో, ఏఐ చేత రాయించడానికో దిగుతాడు. ‘నేటి ఆధునిక ప్రపంచంలో’ అని మొదలై ‘ముగింపు’ అనే ఉపశీర్షికతో అయిపోయే ఏఐ తెలుగు వ్యాసాలు ఇప్పటికే గుట్టలుగా పడ్డాయి. ఆ గుట్ట మీద ఇంకో తట్ట పోసి, నా తట్ట ఎవరికీ కనిపించడం లేదేమిటి అనుకోవడంలో అర్థం లేదు.

తెలంగాణలో భూమి ఉన్నవాళ్ళకు తెలిసిన ఉదాహరణ ఒకటి చెబుతాను. 2020 అక్టోబరు 29న భూ రికార్డుల కోసం ధరణి పోర్టల్ మొదలైంది. పాసుపుస్తకంలో పేరు తప్పు పడింది, విస్తీర్ణం తగ్గింది, ఒక సర్వే నంబరే ఎగిరిపోయింది. ఇలాంటి సవరణలకు టీఎం 33 అనే దరఖాస్తు ఉండేది. ఊళ్ళలో మీసేవ కేంద్రాల దగ్గర జనం ఆ పేరుతోనే అడిగేవాళ్ళు, టీఎం 33 పెట్టాలె అని. దాని గురించి వెతికితే పైన వచ్చిన పేజీల్లో ఎక్కువ భాగం ‘ధరణి అంటే ఏమిటి, ధరణి ప్రయోజనాలు, ధరణిలో లాగిన్ అవడం ఎలా’. ఏ తప్పుకు ఏ కాగితం జతచెయ్యాలి, దరఖాస్తు తహసీల్దారు దగ్గర ఆగిందో ఆర్డీవో దగ్గర ఆగిందో కలెక్టరేట్లో ఆగిందో ఎలా తెలుస్తుంది, తిరస్కరిస్తే తర్వాత ఏం చెయ్యాలి, ఇవి చెప్పిన పేజీ దొరకాలంటే చాలా కిందికి పోవాలి. ఆ దరఖాస్తులు రోజూ నింపిన మీసేవ కుర్రాళ్ళకు ఇవన్నీ నోటికొచ్చు. వాళ్ళలో ఒక్కరు, తన దగ్గరకొచ్చిన కేసులు పేర్లు తీసేసి, ఏ కాగితం పెడితే పనయింది, ఏది లేక వెనక్కొచ్చింది అని రాసి ఉంటే, జిల్లా జిల్లా నుంచి జనం ఆ పేజీకి వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళు తమ కేసు చెప్పేవాళ్ళు. ఆ కేసులతో పేజీ ఇంకా పెరిగేది.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. అప్పటికి నెట్‌లో ఉన్న ధరణి పేజీలన్నీ ఆ రోజుతో పాతబడ్డాయి. ఆ క్లాసుల పాఠం ఇక్కడ కూడా ఒక చిట్కా చెబుతుంది, పాత పేజీ శీర్షికలో సంవత్సరం మార్చమని. అలాగే మార్చారు. ‘ధరణి టీఎం 33 పూర్తి సమాచారం 2025’ అని శీర్షిక, లోపల అవే పాత మెట్లు, అదే పాత తెర బొమ్మ. దాన్ని నమ్మి మండలాఫీసుకు పోయిన రైతు అక్కడి గుమస్తా మాట విని తిరిగి ఇంటికొస్తాడు. మళ్ళీ ఫోన్ తీసి వెతుకుతాడు, ఈసారి ఆ సైటు పేరు కనిపిస్తే దాన్ని దాటి కిందిది తెరుస్తాడు.